నిమిషానికి ముప్పై ఎనిమిది

ఐసీయూలో నాలుగో బెడ్డు మీద మనిషి ప్రాణం పోయి నలభై రెండు గంటలైంది. ఇంతసేపట్లో జరిగిన దర్యాప్తు ఏమిటయ్యా అంటే, ఒక నర్సుని కూర్చోబెట్టి ఏడిపించడం.

భూతద్దం నర్సుల విశ్రాంతి గదిలో అడుగు పెట్టేసరికి ఉదయం పదిన్నర. ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ లాబొరేటరీలో విషాల విభాగం చూసిన మనిషి ఆవిడ. పై అధికారి దిద్దమన్న రిపోర్టు దిద్దనని ఉద్యోగం వదిలేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. సోడాబుడ్డి కళ్ళజోడు చూసి పోలీసులు వెటకారంగా పెట్టిన పేరు భూతద్దం. ఆవిడ దాన్నే విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకుంది.

గదిలో బల్లకి అటువైపు ఇన్‌స్పెక్టర్. ఏ కేసు చేతికొచ్చినా "అరగంటలో తేల్చేస్తా" అంటాడు కాబట్టి స్టేషన్లో అందరూ చాటుగా ఆయన్ని 'అరగంట' అంటారు. ఇటువైపు ఐసీయూ సీనియర్ నర్సు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. ఎదురుగా టైపు చేసిన కాగితం, మూత తీసిన పెన్ను.

"రండి మేడమ్, ఇంకా రాలేదేమా అనుకుంటున్నా," అన్నాడు అరగంట. "మీకు శ్రమ లేకుండా అయిపోయింది. ఒక్క సంతకం బాకీ."

"ఎవరిది?"

"ఈ మహాతల్లిది. ఒప్పుకోలు మీద."

భూతద్దం కూర్చోలేదు. ఆ గదిలో ఫినాయిలు వాసన, దాని కింద ఇంకో వాసన దాక్కుని ఉంది. వెనకాల గుమ్మంలో చనిపోయినాయన కూతురు నిలబడి ఉంది. భూతద్దాన్ని పెట్టుకున్నది ఆమే.

"కథ మీ నోటితో చెప్పండి, వింటాను," అంది భూతద్దం.

అరగంట వేళ్ళు మడిచాడు. "చనిపోయినాయన క్రేన్ ఆపరేటర్‌గా రిటైరయ్యాడు. డెబ్భై ఒకటి. ఊపిరితిత్తుల కాన్సర్, ఆఖరి దశ. వెంటిలేటర్ వద్దు, బాధ లేకుండా చూస్తే చాలని కొడుకు సంతకం పెట్టాడు. అయిదు రోజులు పంపు పెట్టి మార్ఫిన్ ఎక్కించారు. మొన్న మధ్యాహ్నం మూడు యాభైకి ఈ నర్సు ఎవరూ రాయని మందు ఒకటి ఎక్కించింది. నాలుగున్నరకి ఆయన పోయాడు. కొడుక్కి తొందర, నర్సుకి జాలి. రెండూ కలిస్తే హత్య."

"వెంటిలేటర్ వద్దన్నది కొడుకు కాదు, తండ్రే," అంది భూతద్దం. "నాలుగు నెలల కిందట, తెలివిగా ఉన్నప్పుడు, డాక్టరు ముందు కూర్చుని చెప్పాడు. ఆ కాగితం ఫైల్లో మొదటి పేజీ. మీరు రెండో పేజీ నుంచి చదివినట్టున్నారు. మిషను వద్దనడం చంపడం కాదు ఇన్‌స్పెక్టర్ గారూ. పోయే మనిషిని నొప్పి లేకుండా పోనివ్వడమూ వైద్యమే." ఆవిడ నర్సు వైపు తిరిగింది. "సిస్టర్, మూడు యాభైకి పెట్టిన సీసాలో ఏముంది?"

"పారాసిటమాల్."

అరగంట బల్ల చరిచాడు. "విన్నారా! కాన్సర్ మనిషికి జ్వరం మందట! చెవిలో పువ్వు పెట్టడానికి నేనే దొరికానా?"

"డాక్టర్ ఆర్డరు లేకుండా నా చేత్తో ఇవ్వగలిగింది అదొక్కటే సార్." అంది నర్సు. "అది ఆ నొప్పికి ఏ మూలకీ రాదని నాకు తెలుసు. కానీ చేతులు కట్టుకుని చూడలేకపోయాను."

"చూడలేనంతగా ఏం జరిగింది?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది.

"నాన్న దుప్పటి అంచు కొరికేశారండీ," అంది కూతురు. "పళ్ళు పెట్టి చింపేశారు. నేను లాగితే దారాలు నోట్లోంచి వచ్చాయి. డాక్టర్ గారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, 'మీకు అలా కనబడుతోందమ్మా, ఆయనకేం తెలియడం లేదు' అన్నారు."

"ఏ డాక్టరు?"

"ఇంకెవరు? చల్లని చేతి డాక్టరు."

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఇక లాభం లేదనుకున్న రోగులందరినీ ఆయనకే అప్పగిస్తారు. ఆఖరి రోజుల్లో నొప్పి తగ్గించడం, ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెప్పడం ఆయన పని.

భూతద్దం చార్టు తిప్పింది. నాడి నూట ముప్పై నాలుగు. శ్వాస నిమిషానికి ముప్పై ఎనిమిది. సమయం మధ్యాహ్నం రెండు. దాని కింద రెండు పదిహేనుకి, ముత్యాల్లాంటి అక్షరాలతో డాక్టరు రాసిన ఒక్క మాట: 'ప్రశాంతంగా ఉన్నారు.'

"మెట్లెక్కి పరిగెత్తితే నాకొచ్చే శ్వాస ఇది," అంది భూతద్దం. "పడుకున్న మనిషికి ముప్పై ఎనిమిది! దీన్ని ప్రశాంతం అంటారా? మీరు ఆయనకి చెప్పలేదా సిస్టర్?"

"నాలుగుసార్లు ఫోన్ చేశాను. పదకొండు ఇరవై, పన్నెండు నలభై, ఒకటి ముప్పై ఐదు, రెండు ఐదు. డోసు పెంచమని బతిమాలాను. 'పెంచితే మనమే చంపినట్టవుతుంది, నీకెందుకు ఆ పాపం' అన్నారు."

"ఇంకో మాట. ఈ అయిదు రోజుల్లో ఆయనకి విరేచనం అయిందా?"

అరగంట ముఖం చిట్లించాడు. "ఛీ ఛీ! పొద్దున్నే ఇదేం ప్రశ్న మేడమ్?"

"రోత పుట్టిందా? పుట్టనివ్వండి. నాకు వచ్చిన దగ్గర్నుంచీ అదే పని."

"రెండో రోజు నుంచి నీళ్ళలాగా అయ్యాయి మేడమ్," అంది నర్సు. "ఆఖరి రోజు ఏడుసార్లు డైపర్ మార్చాం. ముక్కు కారడం, ఆవలింతలు, ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకోవడం. చలేమో అనుకుని ఇంకో దుప్పటి కప్పాం."

భూతద్దం మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మార్ఫిన్ మొదట చేసే పని పేగుల్ని బిగబట్టడం. దాని మీద ఉన్నవాళ్ళకి నాలుగు రోజులైనా కడుపు కదలదు. ఈయన ఇంటి దగ్గర నాలుగు నెలలుగా మార్ఫిన్ మాత్రలు వేసుకున్నాడు. ఒంటికి అలవాటైన మందుని ఉన్నపళంగా ఆపేస్తే ఎలా ఉంటుందో ఈవిడ ఇప్పుడు వరసగా చెప్పింది. మార్ఫిన్ ఎక్కువై పోయిన మనిషి కాదు ఈయన. చుక్క కూడా అందక పోయాడు."

"మీ ఊహ!"

"లాబొరేటరీ ఊహ." ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. "మార్ఫిన్ రక్తంలో లేదు, మూత్రంలో లేదు. మీరిచ్చిన మందుల జాబితాతో సరిపోయేది ఒక్కటే దొరికింది, పారాసిటమాల్. పొద్దున్న తొమ్మిదింటికే మీకూ కాపీ పంపారు. మీ జేబులో కవరు అదే కదా? అంచు కూడా చింపలేదు."

అరగంట చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. గుమ్మంలో కూతురు ఒక అడుగు లోపలికి వేసింది. "అయితే ఆ పంపులో అయిదు రోజులూ..." అని, "తమ్ముణ్ణి నలుగురిలో హంతకుడన్నాను," అంది.

"వెళ్ళి వాడితో మాట్లాడమ్మా. ఇక్కడ నీకు పని లేదు," అంది భూతద్దం. కటువుగానే అంది. మెత్తగా చెప్పే ఓపిక లేదు.

అరగంట కవరు చింపి, చదివి, ఒక్క క్షణంలో గుర్రాన్ని ఇంకో దారికి మళ్ళించాడు. "సరే! అయితే ఈవిడే కాజేసింది. రిజిస్టర్లో అయిదు రోజులకి ఇరవై ఆంప్యూల్స్, అంటే ఇరవై మార్ఫిన్ గాజుబుడ్లు, వాడినట్టు ఉంది. వాటిలో పద్నాలుగింటికి సాక్షి సంతకం ఈవిడదే."

"మందు కలిపింది ఎవరు సిస్టర్?"

నర్సు తల దించుకుంది. "డాక్టర్ గారే. తన గదిలో కలిపి, సిరంజి నింపి తెస్తారు. 'పోయేవాళ్ళకి ఈ సేవ నా చేత్తో చెయ్యనివ్వు' అంటారు. ఆంప్యూల్ నా ఎదురుగా పగలగొట్టాలి. నేను చూసి సంతకం పెట్టాలి. కానీ పన్నెండు బెడ్లకి ముగ్గురం మేడమ్. ఆయన రిజిస్టర్ చాపేవారు, నేను పెట్టేదాన్ని."

"ఒక్కసారైనా చూశారా?"

"లేదు." ఆ మాట అన్నాక ఆమె ఏడవలేదు. "నా చేత్తోనే దొంగకి తాళాలిచ్చాను."

"ఏయ్, నోరు జాగ్రత్త!" అరగంట లేచి నిలబడ్డాడు. "ఆయన దేవుడులాంటి మనిషి. ఎవరిని అంటున్నావో తెలుసా?"

"తెలుసుకోవడానికే వెళ్దాం," అంది భూతద్దం.

డాక్టరు గది అదే అంతస్తులో ఆ చివర. పదకొండు ఇరవై ఐదు. కిటికీ తెరలు దించి ఉన్నాయి. ఏడ్చేవాళ్ళ కోసం సోఫా, పక్కన టిష్యూల డబ్బా. మూల చిన్న ఫ్రిజ్. తెల్ల కోటు చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, డాక్టరు చిరునవ్వుతో లేచాడు.

"కూర్చోండమ్మా. కోపంగా ఉన్నారు. చావు దగ్గరకొచ్చినవాళ్ళందరికీ మొదట కోపమే వస్తుంది."

"నాకు చావు మీద కోపం లేదు డాక్టర్ గారూ. మార్ఫిన్ సరిగ్గా అందితే మనిషి కంటిపాప ఎలా ఉంటుంది?"

"చిన్నదవుతుంది. గుండుసూది మొనంత."

"నాలుగో బెడ్డాయనకి అయిదు మిల్లీమీటర్లు రాశారు."

"ప్రాణం పోయే ముందు విప్పారుతుందమ్మా."

"మూడు రోజుల ముందునుంచా?"

ఆయన ముక్కు గోక్కున్నాడు. తర్వాత మెడ. తర్వాత మళ్ళీ ముక్కు. "చార్టు రాసేవాళ్ళు అలసిపోయి ఉంటారు. చూడండమ్మా, ఆఖరి ఘడియల్లో మూలుగు, మెలికలు, అవన్నీ శరీరం చేసేవి. మనిషి చేసేవి కావు. చూసేవాళ్ళకే బాధ."

ఎంతమందికి చెప్పి ఉంటాడో, ఆ మాటలు నూనె రాసినట్టు జారుతున్నాయి. భూతద్దం లేచి, అడక్కుండా ట్యూబులైటు వేసింది. ఒక్కసారిగా వెలుతురు పడితే ఎవరి కంటిపాపైనా ముడుచుకుంటుంది. ఆయనవి ముడుచుకోలేదు. ముడుచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. చీకటి గదిలోనే అవి ఆవగింజంత ఉన్నాయి.

"థాంక్స్ డాక్టర్ గారూ. చూడాల్సింది చూశాను."

వరండాలోకి రాగానే, బయట నిలబడ్డ నర్సు ముందే, అరగంట ఆవిడ దారికి అడ్డం నిలబడ్డాడు. "లైటు వేసి మొహం చూసి నేరం అంటగడతారా? ఇదేనా మీ సైన్సు?"

"మార్ఫిన్ పుట్టించే గోకుడు, సూది గాట్లు దాచే పూర్తి చేతుల కోటు, ముడుచుకున్న కంటిపాప. రోగులకి ఎక్కాల్సింది ఎవరికి ఎక్కుతోందో ఆయన ఒళ్ళే చెబుతోంది. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్ళని చూశాను ఇన్‌స్పెక్టర్ గారూ. ఇతను శవం అయ్యేదాకా కూడా ఆగలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేదేం?"

"పోతారని ముందే తెలిసినవాళ్ళు పోతే ఎవరు పోస్ట్‌మార్టం అడుగుతారు? బాధపడి పోతే జబ్బు మీదికి తోస్తారు. ఇంతకంటే మంచి మరుగు ఏ దొంగకి దొరుకుతుంది? ఈ కూతురు కోపంతో తప్పు మనిషి మీద కంప్లైంట్ ఇచ్చింది కాబట్టి బయటపడింది."

"రుజువు కావాలి."

"పదండి. ఇవాళ ఆయన కలిపిన సిరంజి ఎవరికి ఎక్కుతోంది సిస్టర్?"

నర్సు మొహం పాలిపోయింది. "తొమ్మిదో బెడ్డు. నాలుగు రోజులుగా."

తొమ్మిదో బెడ్డు మీద ఒక ముసలామె. నలభై ఏళ్ళు కుట్టుమిషను మీద బతికిన మనిషి. గొంతు కాన్సర్. మెడకి కన్నం పెట్టి గొట్టం అమర్చారు కాబట్టి గొంతు పెగలదు. అరుద్దామన్నా శబ్దం రాదు. కళ్ళు మూసి ఉన్నాయి, కనుబొమలు ముడిపడి ఉన్నాయి. పక్కన స్టూలు మీద భర్త న్యూస్‌పేపరు చదువుకుంటున్నాడు.

"మెల్లగా మాట్లాడండమ్మా," అన్నాడాయన. "నిద్రపోతోంది. డాక్టర్ గారు చెప్పారు."

మానిటర్ మీద శ్వాస ముప్పై ఆరు. పచ్చ అంకె నిశ్శబ్దంగా వెలుగుతోంది. అలారం ఎవరో కట్టేశారు. పంపు మాత్రం బుద్ధిమంతుడిలా గంటకి రెండు మిల్లీలీటర్లు తోస్తోంది.

భూతద్దం ఆ పెద్దాయనతో రెండు మాటలు చెప్పి ఒప్పించింది. నర్సు మంచం కింద వేలాడే మూత్రం సంచిలోంచి కాస్త చిన్న గిన్నెలోకి తీసింది. భూతద్దం తన సంచిలోంచి చిన్న పరీక్ష పట్టీ తీసి అందులో ముంచింది.

"అయిదు నిమిషాలు," అంది అరగంటతో. "ఒంట్లో మార్ఫిన్ ఉంటే ఒక్క గీత కనబడుతుంది. లేకపోతే రెండు. నాలుగు రోజులుగా మందు నిజంగా ఎక్కుతుంటే రెండో గీత రాకూడదు."

పదకొండు యాభై రెండు. అరగంట వాచీ చూశాడు, పట్టీ చూశాడు. రెండో నిమిషంలో మొదటి గీత. నాలుగో నిమిషం దాటాక, దాని కింద, ఎర్రగా, వంక పెట్టడానికి లేకుండా రెండోది.

"పట్టీ పాడైపోయి ఉండొచ్చు," అన్నాడు. ఆ గొంతులో అరగంట లేదు.

"అయితే పేషెంటునే అడగండి."

"ఆవిడ మాట్లాడలేదు కదా."

"చెయ్యుంది కదా!"

అరగంట వంగాడు. ఆమె అరచేతిలో రెండు వేళ్ళు పెట్టాడు. "అమ్మా," అన్నాడు. పోలీసు గొంతు ఆ మాట దగ్గర తడబడింది. "మీకు నొప్పిగా ఉంటే నా వేళ్ళు నొక్కండి."

సూదులు గుచ్చుకుని మొద్దుబారిన ఆ వేళ్ళు మూసుకున్నాయి. గోళ్ళు దిగేలా నొక్కాయి. వదల్లేదు. కళ్ళు తెరుచుకున్నాయి. అవి నిద్రలోంచి లేచిన కళ్ళు కావు.

పెద్దాయన చేతిలోంచి పేపరు జారింది. "మెలకువగా ఉందా?" అన్నాడు. "నాలుగు రోజులుగానా? నేను పక్కనే కూర్చుని క్రికెట్ స్కోరు చదువుకుంటున్నానమ్మా."

నర్సు అప్పటికే పరిగెత్తింది. డ్యూటీ డాక్టరమ్మని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. పాత సిరంజి ఊడదీసి సీలు వేశారు. కొత్త ఆంప్యూల్ అందరి ఎదురుగా పగిలింది. పన్నెండు మూడుకి మొదటి మోతాదు ఎక్కింది. పచ్చ అంకె కదిలింది. ముప్పై మూడు. ఇరవై ఎనిమిది. పన్నెండు పదిహేనుకి పంతొమ్మిది. కనుబొమల మధ్య ముడి, ఎవరో కుట్టు విప్పినట్టు, కొంచెం కొంచెంగా విడిపోయింది. అప్పుడు గానీ అరగంట వేళ్ళు ఆమె చేతిలోంచి బయటికి రాలేదు.

ఇంతే. పన్నెండు నిమిషాల పని. ఈ పన్నెండు నిమిషాలు ఇవ్వకుండా నాలుగు రోజులు చూస్తూ, సోఫా మీద కూర్చోబెట్టి టిష్యూలు అందించాడు. భూతద్దానికి నోట్లో చేదు ఊరింది. ఉమ్మేద్దామంటే ఎక్కడ ఉమ్మాలో తెలియలేదు.

"ఆయన చూసిన రోగుల జాబితా ఉందా సిస్టర్?" అంది.

నర్సు పాత రిజిస్టర్ తెచ్చి ఐసీయూ బల్ల మీద పెట్టింది. పద్నాలుగు నెలలు. నలభై ఒక్క మంది. భూతద్దం వేలితో వరస లెక్కపెడుతుంటే పక్కన నీడ పడింది.

"పోయిన సంవత్సరం," అన్నాడు అరగంట. "నవంబరు పదకొండు. రెండో బెడ్డు. ఉందేమో చూడండి."

ఆవిడ పేజీ తిప్పింది. ఉంది. అరవై ఎనిమిదేళ్ళ స్త్రీ. ఆరు రోజులు. ఇరవై నాలుగు ఆంప్యూల్స్. అదే ముత్యాల్లాంటి చేతిరాత.

"ఎవరు?"

"మా అమ్మ." ఆయన తన వేళ్ళ మీది గోటి గాట్లు చూసుకుంటున్నాడు. "ఇలాగే పట్టుకుంది. వదల్లేదు. 'ఏమిటి డాక్టర్ గారూ ఇది' అని అడిగాను. 'ఆవిడకేం తెలియదు బాబూ, నరాలు అలా బిగుసుకుంటాయి, మీరు వెళ్ళి భోంచేసి రండి' అన్నాడు. నేను నమ్మాను. అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని... వెళ్ళి తిన్నాను మేడమ్. ఆకలేసి, మారు కూడా అడిగి తిన్నాను. వచ్చేసరికి పోయింది. ఆయన చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పాను."

భూతద్దానికి ఆ మనిషి మీద ఉన్న పాత కోపాలన్నీ ఎటు పోయాయో తెలియలేదు. ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నడుముకున్న తోలు ఒరలోంచి పిస్తోలు తీసి, తూటాలు ఖాళీ చేసి, రెండూ ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గర ఉంచండి. ఇప్పుడు నా దగ్గర ఉండకూడదు."

తలుపు తోసుకుని చల్లని చేతి డాక్టరు లోపలికి వచ్చాడు. చేతిలో ట్రే, ట్రేలో నింపిన సిరంజి. "పెద్దావిడకి ఈ పూటది," అన్నాడు చిరునవ్వుతో. "నేనే స్వయంగా కలిపి తెచ్చాను."

అరగంట నాలుగడుగులు నడిచి ఆయనకీ తొమ్మిదో బెడ్డుకీ మధ్య నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి, చుక్క తొణక్కుండా ట్రే అందుకున్నాడు.

"ఇలా ఇవ్వండి డాక్టర్ గారూ," అన్నాడు. "తలుపు వేసి కూర్చోండి. మీతో అరగంట చాలదు."